పగిలాక మోసిన బరువు

టీ కొట్టు ముందున్న బల్ల మీద మేస్త్రీ వచ్చి కూర్చోగానే, అప్పటికే దాని మీద ఉన్న ఇద్దరు గని పనివాళ్ళు లేచారు. గ్లాసుల్లో టీ ఇంకా సగం ఉంది. వాటిని పట్టుకుని ఎండలోకి వెళ్ళి, రోడ్డు వైపు తిరిగి తాగారు.  ఒక్క మనిషే చివర కూర్చుంటే ఆ బల్ల రెండో కొస పైకి లేస్తుంది. మేస్త్రీ గ్లాసు తొణక్కుండా మెల్లగా మధ్యకు జరిగాడు.

రోడ్డుకు ఇవతల, రాళ్ళ పరీక్షశాల తలుపు తీస్తున్న రాళ్ళక్క ఇదంతా చూసింది. ఆమె చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. వాళ్ళు తిట్టినా బాగుండేది అనుకుంది. తిట్టుకి తిట్టుంటుంది. దీనికి ఏముంటుంది?

ఎనిమిది రోజుల కిందట మేస్త్రీ షిఫ్టు మధ్యలో ముప్పై ఒక్క మందిని గనిలోంచి పైకి తెచ్చేశాడు. ఏడో స్తంభం పగులుతోందని, ఆ వైపు దారికి అడ్డంగా గొలుసు కట్టేశాడు. స్తంభమంటే ఎవరో కట్టినది కాదు. చుట్టూ తవ్వుకుంటూ పోయేటప్పుడు పైకప్పు పడకుండా మధ్యలో వదిలేసిన కొండరాయి. ఎనిమిది రోజులైనా అది పడలేదు. ముప్పై ఒక్క మందికీ పని మాత్రం ఆగింది. మేస్త్రీని విధుల్లోంచి తప్పించి విచారణ వేశారు. ఉత్తపుణ్యానికి మా కడుపు మీద కొట్టాడంటూ అతని మీద అర్జీ పెట్టింది ఎవరో కాదు, అతను బయటికి తెచ్చినవాళ్ళే.

"అక్కా, గని నుంచి రాళ్ళొచ్చాయి!" పక్కన ఆగిన గని జీపు దగ్గర నుంచి ఇంజనీరు కేకేశాడు.

"వస్తున్నా సార్," అంది. గొంతు బొంగురుగా వచ్చింది. ప్రతి సోమవారం మొదటి మాట అలాగే వస్తుంది. శనివారం సాయంత్రం తాళం వేశాక మళ్ళీ ఇక్కడికి వచ్చేదాకా ఆమెకు నోరు విప్పే పని పడదు.

ఆమె అసలు పేరు జీతాల కాయితంలో తప్ప ఎక్కడా లేదు. ఇరవై ఏడేళ్ళుగా రాళ్ళను నొక్కి పగలగొట్టే ప్రెస్సు నడుపుతోంది గనక గని వాళ్ళకీ, లారీ డ్రైవర్లకీ, రెండేళ్ళ కిందట వచ్చిన ఈ ఇంజనీరుకీ ఆమె రాళ్ళక్కే.

వచ్చినవి మూడు ముక్కలు. ఏడో స్తంభం నుంచి గుండ్రంగా కోసి తీసినవి. ఎత్తెంతో అడ్డమంతే, అరచేతిలో కూర్చునేంత పొట్టివి. కింద పైన నున్నగా అరగదీసే సరికి పదకొండయింది. ఒకదాన్ని ప్రెస్సు పళ్ళేల మధ్య నిలబెట్టి, చుట్టూ ఇనప జాలీ బిగించి, వాల్వు తిప్పింది. ఆయిలు పంపు గుర్రుమంది. డయల్లో ముల్లు ఇరవై దాటింది, ఇరవై ఐదు దాటింది. ఆ తర్వాత తుపాకి పేలినట్టు ఒక్క చప్పుడు. జాలీ నిండా ముక్కలు. ముల్లు సున్నాకి వచ్చి కూర్చుంది.

"ఎంతక్కా?"

"ఇరవై ఎనిమిది టన్నులు సార్."

ఇంజనీరు ఈల వేశాడు. "పై కొండ బరువంతా లెక్కేసినా ఇంత ముక్క మీద పడేది ఎనిమిది టన్నులే. ఇలాంటి రాయిని చూసి హడలిపోయి వచ్చాడా ఆయన? గోరంత పగులుకి కొండంత గోల!" అని, నివేదికలో 'ఎంత బరువుకు పగిలింది' అన్న గడిలో ఆ అంకె వేశాడు. దాని కింద ఇంకో గడి లేదు.

మధ్యాహ్నం ఇంజనీరు భోజనానికి వెళ్ళినప్పుడు మేస్త్రీ గుమ్మంలో కనిపించాడు. యాభై ఐదేళ్ళ మనిషి. వంగి పని చేసీ చేసీ, ఎంత ఎత్తు గుమ్మంలోనైనా తల వంచుకునే వస్తాడు. జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద విప్పాడు. అందులో ఉల్లిపొరల్లా పలచటి రాతి పెచ్చులు.

"ఏడో స్తంభం రాల్చినవమ్మా. వీటిని పరీక్ష చేస్తారా?"

"పెచ్చులకి పరీక్ష కుదరదండీ. అయినా బయటివాళ్ళు తెచ్చినవి తీసుకోకూడదు."

"బయటివాణ్ణే గదా ఇప్పుడు," అని నవ్వాడు. నవ్వు సగంలోనే చల్లారింది. "పగులుకి అడ్డంగా తడి మట్టి పూశాను. గంట తర్వాత చూస్తే మట్టి చీలింది. మళ్ళీ పూశాను. మళ్ళీ చీలింది. పాదం చుట్టూ పిండి రాలింది, తిరగలి చుట్టూ రాలినట్టు. చెవి ఆనిస్తే లోపల చిటపట. ఇంక నేనెవరినడగాలి? రమ్మన్నాను, అందరూ వచ్చేశారు. రాయి గట్టిదంటున్నారటగా?"

"గట్టిదేనండీ. ఇరవై ఎనిమిది మోసింది."

"పగలకముందు మోసింది. పగిలాక?"

ఆమె జాలీలో మిగిలిన ముక్కల వైపు చూసింది.

"పగిలాక ఎంత మోస్తుందో మీ మిషను చెప్పదా?"

"మా కాయితంలో ఆ గడి లేదండీ."

"నాకు కావలసింది ఆ గడే," అన్నాడు మేస్త్రీ. పెచ్చుల్ని మళ్ళీ రుమాల్లో, ఒక్కటి కూడా విరగకుండా, మూటకట్టుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున్నే ఆమె బీరువా వెనక నుంచి గోనెగుడ్డ మూట ఒకటి లాగింది. అందులో చెయ్యంత లావు ఉక్కు దిమ్మలు మూడు, వాటి కింద పెట్టే, తిప్పితే ఎత్తు మారే మరల పీటలు మూడు. ఆమెకు పని నేర్పిన పాత ఆపరేటరు చేయించుకున్నవి. నూనె గుడ్డతో తుడుస్తుంటే ఇంజనీరు వచ్చాడు.

"ఏంటక్కా, ఎవరికి వ్యాయామం?"

"ఇంకో రెండు ముక్కలు మిగిలాయి కదా సార్. ఒకదాన్ని పగిలాక కూడా నొక్కి చూస్తాను."

"పగిలాక చూడ్డానికేముంది? పగిలిన కుండలో ఎవరైనా నీళ్ళు పోస్తారా?"

"నీళ్ళు పొయ్యరు సార్. గింజలు పోసుకుంటారు."

ఇంజనీరు నవ్వేశాడు. "సరే పోసుకోండి. సాయంత్రానికి మిషను ఖాళీ కావాలి."

రాయి తుపాకిలా పేలడంలో సగం తప్పు మిషనుదేనని ఆమెకు తెలుసు. రాయిని నొక్కేటప్పుడు మిషను కూడా విల్లులా కాస్త సాగుతుంది. రాయి కొంచెం నీరసించిందో లేదో, ఆ సాగిందంతా ఒక్కసారి వెనక్కి వచ్చి దాని నెత్తిన పడుతుంది. పడిపోతున్నవాణ్ణి తన్నినట్టు. అందుకే రాయి చుట్టూ ఉక్కు దిమ్మలు నిలబెట్టింది. రాయి వదిలేసిన బరువు ముందు ఉక్కు మీదికి పోతుంది. రాయికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

పది దాకా అన్నీ సరిచూసుకుని మొదలుపెట్టింది. కుడి చెయ్యి వాల్వు మీద, ఎడమ చేతిలో పెన్సిలు. రాయి వెంట్రుకవాసి కుంగినప్పుడల్లా ఆపి, మొత్తం బరువులోంచి దిమ్మలు మోస్తున్నది తీసేసి, రాయి మోస్తున్నది ఎంతో లెక్కకట్టి గళ్ళ కాయితం మీద చుక్క పెట్టింది. చుక్కలు మెట్లెక్కినట్టు పైకి వెళ్ళాయి. ఇరవై ఏడు దగ్గర రాయి ఒంటి మీద సన్నటి గీత నిలువుగా పడింది. చప్పుడు లేదు. ఇన్నేళ్ళలో కొన్ని వేల రాళ్ళు ఆమె చేతుల్లో పగిలాయి. పగలడం మాత్రం ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

తర్వాత చుక్కలు దిగడం మొదలైంది. ఇరవై రెండు. పదిహేడు. ఇంకో గీత, దానికి అడ్డంగా ఏటవాలుగా మరొకటి. పదమూడు. జాలీలోకి పెచ్చు ఒకటి జారి పడింది. పది. ఇక దీని పని అయిపోయింది అనుకుంది. తొమ్మిది దగ్గర చుక్క ఆగింది. మళ్ళీ కొంచెం నొక్కింది. తొమ్మిది. మళ్ళీ. తొమ్మిదే. ముక్కలు ముక్కలైన రాయి, ముక్క మీద ముక్క ఒరుసుకుంటూ, తొమ్మిది టన్నులు మోస్తూ నిలబడింది.

ఆమె వాల్వు మీద చెయ్యి తీయకుండా చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. పిలవడానికి ఎవరూ లేరు. ఇంజనీరు సైటుకి వెళ్ళాడు.

ఆ సాయంత్రం గదికి వెళ్ళాక స్టవ్ వెలిగించకుండానే కుర్చీలో కూర్చుంది. గోడకి ఆనించి మడతపెట్టిన అమ్మ మంచం ఉంది. అమ్మ పోయి ఎనిమిది నెలలైనా దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. అమ్మ ఉండగా రోజూ సాయంత్రం "ఇవాళ ఎన్ని పగలగొట్టావే?" అని అడిగేది. రాళ్ళ గురించి అమ్మకు ముక్క తెలియదు. అయినా అడిగేది.

ఆమె ఫోను తీసి తమ్ముడికి చేసింది.

"చెప్పక్కా. ఏమైనా అర్జెంటా? బండి మీదున్నా."

"ఏం లేదురా. ఊరికే."

"సరే, ఆదివారం చేస్తా," అన్నాడు. ఫోను ఆగిపోయాక కూడా ఆమె దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది. ఆ తర్వాత లేచి స్టవ్ వెలిగించింది.

గళ్ళ కాయితం చూసి ఇంజనీరు బుధవారం పొద్దున ఈల వెయ్యలేదు. కుర్చీలాక్కుని కూర్చున్నాడు. "పగిలాక కూడా తొమ్మిదా! చేత్తో వాల్వు తిప్పి ఇంత తీశారా? అక్కా, మీరు సామాన్యులు కాదు," అన్నాడు. అప్పటికప్పుడు ఫొటో తీసి గని మేనేజరుకు పంపాడు. ఇరవై ఏడేళ్ళలో ఆమె గీసిన గీత గురించి ఒకరు మంచిమాట అనడం అదే మొదలు. ఆమెకు మొహం వేడెక్కింది. చేతులు తుడుచుకునే నెపంతో అటు తిరిగింది.

పన్నెండింటికల్లా మేనేజరు ఫోను చేశాడు. ఇంజనీరు స్పీకర్లో పెట్టాడు.

"భలే కాయితం పంపారయ్యా! పగిలినా తొమ్మిది మోస్తుంది, మీద పడేది ఎనిమిది. ఇంకేం కావాలి? ఎల్లుండి పొద్దుటి షిఫ్టు నుంచి ఆ పక్క తెరుస్తున్నాం. విచారణలో కూడా ఇదే పెడతాం. పాపం ఆ మేస్త్రీ, స్తంభం పగిలిందన్న మాట నిజమే అనుకుందాం, పగిలినా పడదని మీ కాయితమే చెబుతోందిగా!"

రాళ్ళక్క చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"సార్, నేను పెట్టిన చుక్కలు ఆ పూట నిలబడ్డ సంగతి చెబుతాయి. అంతే."

"అదే కదక్కా కావలసింది," అన్నాడు ఇంజనీరు.

మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా తెరవలేదు. గని గేటు దాకా నడిచింది. నోటీసు బోర్డు ముందు గుంపు ఉంది. ఒకడు ఇంకొకడి వీపు చరిచి నవ్వుతున్నాడు. ఎల్లుండి పని. గుంపుకి పది అడుగుల ఇవతల, గోడ నీడలో మేస్త్రీ నిలబడి ఉన్నాడు. నోటీసు చదివేంత దగ్గరికి అతను వెళ్ళలేదు. చదవక్కర్లేకుండానే తెలిసిందన్నట్టుంది మొహం.

ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"మీ మాట పట్టుకునే చేశానండీ," అంది చివరికి. "మీకు సాయమవుతుందనుకున్నాను. కొరివితో తల గోక్కున్నట్టయింది."

"తప్పు చెప్పారా?"

"లేదండీ. నిజంగా తొమ్మిది మోసింది."

"మరింకేం. నేను చూసిందీ అదేగా. పగిలి కూడా నిలబడింది. నిలబడింది గనకే ముప్పై ఒక్క మందిని తెచ్చే టైము దొరికింది. ఠప్పున పోయే రాయైతే మేము ఎవరం ఉండేవాళ్ళం?" గుంపు వైపు చూశాడు. "అది నిలబడేది మనం బయటికి రావడానికమ్మా. మళ్ళీ లోపలికి పోవడానికి కాదు."

గుంపులోంచి మళ్ళీ నవ్వులు వినిపించాయి.

"ఎంతసేపు నిలబడుతుంది?" అన్నాడు మేస్త్రీ. "అది అడిగారా ఎవరైనా?"

ఆమె అక్కడి నుంచి దాదాపు పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చింది. ఇంజనీరు వెళ్ళిపోబోతున్నాడు.

"సార్, మూడో ముక్క ఉంది. రేపు దాన్ని పగలగొట్టి, దిమ్మలు వదులు చేసి, దాని మీద ఎనిమిది టన్నులూ అలాగే ఉంచుతాను. గనిలో ఉన్నట్టే. మీరు పక్కన కూర్చోవాలి."

"ఎంతసేపు?"

"ఎంతసేపైతే అంతసేపు."

"అక్కా, మేనేజరు నిర్ణయం అయిపోయింది. ఇప్పుడు మనం..."

"ఎల్లుండి ముప్పై మంది దాని కింద ఎనిమిది గంటలు ఉంటారు సార్. మీరు ఎనిమిది గంటలు కుర్చీలో ఉండలేరా?"

ఆమె గొంతు పెంచలేదు. కానీ ఇంజనీరు భుజాన వేసుకున్న సంచీ దించి బల్ల మీద పెట్టాడు.

గురువారం ఏడింటికే ఆమె ప్రెస్సు వేసింది. తొమ్మిదిన్నరకు రాయి పగలడం, దిగడం, తొమ్మిది దగ్గర నిలబడడం అన్నీ అయ్యాయి. మరల పీటలు ఒక్కో పావు మర చొప్పున వదులు చేస్తూ ఉక్కు దిమ్మల్ని పక్కకు తప్పించింది. ఇక రాయి మీద ఎనిమిది టన్నులు. మరెవరి సాయమూ లేదు. రాయి ఏ కాస్త కుంగినా ముల్లు ఎనిమిది కిందికి జారుతుంది. అప్పుడు ఆమె చేతిపంపు ఒక్కసారి కొట్టి మళ్ళీ ఎనిమిదికి తెస్తుంది. కొట్టిన టైము ఇంజనీరు రాసుకోవాలి. పని అంతే.

మొదట్లో రెండేసి నిమిషాలకు ఒకసారి కొట్టాల్సి వచ్చింది. తర్వాత ఐదు నిమిషాలకు. తర్వాత పదికి. మేస్త్రీ పదిన్నరకు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరు చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి ఇంజనీరే, "ఎండలో ఎందుకు, వచ్చి కూర్చోండి," అన్నాడు. మేస్త్రీ కూర్చున్నాక, అతను ఎదుట ఉండగా ఎటు చూడాలో తెలియక, ఇంజనీరు కాయితంలోకే చూస్తూ ఉండిపోయాడు.

పదిహేను నిమిషాలు. ఇరవై. ఒంటిగంట వేళకి ఇరవై ఐదు నిమిషాలకు ఒక్కసారి.

"కుదురుకుంది," అన్నాడు ఇంజనీరు. ఒళ్ళు విరుచుకున్నాడు. ఊరట దాచుకోలేదు. "చూశారా మేస్త్రీ గారూ? రాను రాను తగ్గుతోంది. ఇంక వంద సంవత్సరాలైనా అలాగే ఉంటుంది."

మేస్త్రీ రాయి వైపు కాదు, కింద పళ్ళెం వైపు చూస్తున్నాడు. రాళ్ళక్క కూడా అటు చూసింది. రాయి పాదం చుట్టూ సన్నగా, తెల్లగా పిండి.

"భోజనం చేసొస్తానక్కా."

"తినండి సార్. ఇక్కడే తినండి."

అతను డబ్బా తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడు ముద్దలు తిన్నాడో లేదో ఆమె పంపు కొట్టింది. అతను ఎడమ చేత్తో టైము రాశాడు. ఇరవై నిమిషాలు. "పర్లేదు," అన్నాడు. మళ్ళీ కొట్టింది. పదహారు. మళ్ళీ. పదకొండు. అతను డబ్బా మూత పెట్టేశాడు. చెయ్యి కడుక్కోవడం మర్చిపోయాడు.

రెండున్నర నుంచి పంపు పిడి కిర్రుమనడం, పెన్సిలు గీరడం, అంతే. ఏడు నిమిషాలు. ఐదు. మూడు. రాయిలోంచి చిటపట వినిపించసాగింది. మేస్త్రీ లేచి నిలబడ్డాడు. అతనికి తెలియకుండానే రెండు చేతులూ వెడల్పుగా చాపి, వెనకెవరో ఉన్నట్టు, వాళ్ళను తోస్తున్నట్టు, గుమ్మం వైపు రెండు అడుగులు వేశాడు. వెనక ఎవరూ లేరు. అది తెలిసి చేతులు దించుకున్నాడు.

రెండు నిమిషాలు. ఒకటి. ఆ తర్వాత ఎంత పంపు కొట్టినా ముల్లు లేవలేదు. రాయి పేలలేదు. నానిన గోడలా కూర్చుండిపోయింది. జాలీ కింద నుంచి ఇసక ధార కాసేపు కారి ఆగింది.

గోడ గడియారంలో టైము మూడూ ఇరవై.

"ఐదు గంటల యాభై నిమిషాలు," అన్నాడు ఇంజనీరు. కాయితం మీద అంకెల్ని వేలితో కింది నుంచి పైకి, పై నుంచి కిందికి తడిమాడు. "కుదురుకుందన్నాను నేను. ఒంటిగంటకి లేచి వెళ్ళిపోయుంటే అదే రాసి పంపేవాణ్ణి."

రాళ్ళక్క పంపు వదిలింది. పొద్దుటి నుంచి పిడి పట్టుకున్న వేళ్ళు తెరుచుకోలేదు. ఎడమ చేత్తో ఒక్కో వేలే విడదీసుకుంది.

ఇంజనీరు ఫోను తీసి, బయటికి వెళ్ళకుండా వాళ్ళ ముందే మేనేజరుకు చేశాడు. అవతలి గొంతు పెద్దదవుతుంటే అతని గొంతు సన్నబడింది గానీ మాట మారలేదు. "లేదు సార్. నేను కళ్ళారా చూశాను. పగిలాక మోసేది కొన్నాళ్ళే. గనిలో ఎన్నాళ్ళో నేను చెప్పలేను. రేపే కావచ్చు, నెలకైనా కావచ్చు. తెరవొద్దని రాసి సంతకం పెడుతున్నాను. కాదంటే, తెరవమన్న కాయితం మీద మీరు సంతకం పెట్టండి."  ఫోను పెట్టేశాక అతను కుర్చీలో కూలబడి, చేతికి ఎండిపోయిన అన్నం మెతుకుల్ని చూసుకున్నాడు.

శుక్రవారం ఆ పక్క తెరవలేదు. 'సాంకేతిక కారణాల వల్ల' అని నోటీసు వేశారు. ముప్పై ఒక్క మందిలో సగం మందిని ఇంకో గనికి సర్దారు. మిగతావాళ్ళు ఖాళీగానే ఉన్నారు. ఆ సాంకేతిక కారణం కూడా మేస్త్రీదేనని వాళ్ళు తీర్మానించుకున్నారు. విచారణ వాయిదా పడింది. టీ కొట్టు బల్ల మీద అతను మధ్యలోనే కూర్చుంటున్నాడు.

తర్వాతి బుధవారం, మధ్యాహ్నం రెండు దాటాక, రాళ్ళక్క ఒక ఇంటి పునాది రాయిని అరగదీస్తోంది. కాళ్ళ కింద నేల ఒకసారి మెత్తగా కదిలింది. కిటికీ అద్దం కూడా మోగలేదు. రోడ్డు మీద సైకిలు వెళ్తున్నవాడు ఆగలేదు. ఆమె మాత్రం అరగదీసే చక్రం ఆపేసి, ప్రెస్సు వైపు చూసింది. పని లేకుండా ఉన్న మిషను డయల్లో ముల్లు సన్నగా వణికి నిలిచింది.

గంట తర్వాత సంగతి ఊరంతా తెలిసింది. ఏడో స్తంభం కూలింది. దాంతో పాటు ఆరు, ఎనిమిది, వాటి మధ్య కప్పు. గొలుసు దగ్గర నుంచి అవతల ఇప్పుడు దారి లేదు, ఉత్త రాళ్ళ గుట్ట. లోపల ఎవరూ లేరు.

ఐదింటికి తాళం వేస్తుంటే మనుషులు ఆ రోడ్డునే ఒకరొకరుగా, ఇద్దరిద్దరుగా వెళ్తున్నారు.  అందరూ మేస్త్రీ ఇంటివైపే. ఆమె కూడా వాళ్ళ వెనక కొంత దూరంలో నడిచింది. ఎందుకు వెళ్తున్నదీ తనకే సరిగ్గా తెలియదు. సందు మలుపు తిరిగితే చివరి ఇల్లు మేస్త్రీది. గుమ్మం ముందు చెప్పులు, బూట్లు మెట్ల మీద నుంచి సందులోకి పరుచుకుని ఉన్నాయి. లోపల నుంచి గొంతులు. ఎవరో ముక్కు చీదారు. ఎవరో ఏదో అంటే చాలామంది ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వులో మేస్త్రీ గొంతు కూడా ఉంది.

ఆమె సందు మధ్యలో ఆగిపోయింది. ఆ ముప్పై ఒక్క మంది అతని మనుషులు. తను ఎవరని వెళ్తుంది? లోపల ఆడవాళ్ళు ఎవరమ్మా అంటే ఏం చెబుతుంది? ప్రెస్సు నడుపుతాననా? ఆయన గొంతులో నవ్వు ఉంది, అది చాలు. భుజాన సంచీ సర్దుకుని వెనక్కి తిరిగింది.

వెనక ఒక మనిషి గోడకి ఆనుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. పొడుగ్గా ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు. ఎంతసేపటి నుంచి అక్కడ ఉన్నాడో.

"రాళ్ళక్క కదూ?" అన్నాడు. "లోపలికేనా?"

"లేదు, ఊరికే..."

"నేను గనిలో రాళ్ళు బండికెత్తే లోడరుని. ఆ రోజు ఏడో స్తంభానికి పది అడుగుల్లో ఉన్నాను. రానని మొండికేస్తే ఆయనే చొక్కా పట్టుకుని లాక్కొచ్చాడు." గొంతు సవరించుకున్నాడు. "అర్జీలో మొదటి సంతకం నాది. రాసింది కూడా నేనే."

ఆమె గుమ్మం వైపు చూసింది.

"అందరూ వెళ్ళారు. నేను మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఒక్కణ్ణీ వెళ్ళలేనక్కా. మీరు వెళ్తుంటే మీ వెనకాల వస్తా. మీరేం చెప్పక్కర్లేదు. ముందు నడవండి, చాలు."

ఆమె అతని మొహం చూసింది. తను వెళ్ళిపోతున్నానని చెప్పడానికి నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. సంచీని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుని మళ్ళీ ఇంటివైపు తిరిగింది. అతని అడుగులు రెండడుగుల వెనక వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె నెమ్మదిస్తే నెమ్మదించాయి.

మెట్ల దగ్గర చెప్పులు విప్పడానికి చోటు లేదు. వంగి, ఎవరివో బూట్లు రెండు పక్కకి జరిపి చోటు చేసింది. తనవి ఒక వారగా పెట్టింది. అతనికి కూడా ఉండేలా.

అలికిడికి లోపల మాటలు ఆగాయి.

"ఎవరదీ?" మేస్త్రీ గొంతు.

"నేనేనండీ, రాళ్ళక్కని," అంది. గుమ్మం పట్టుకుని ఒకసారి వెనక్కి చూసింది. అతను తల వంచుకుని ఇంకా మెట్టు కిందే ఉన్నాడు.

"ఇద్దరం," అంది.